సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు అసలైనదేనని డబ్బు చెల్లించే ముందే తేల్చుకోవడం ఎలా?

ఓరుగల్లు_ఎడిటర్
మా చెల్లెలు పెళ్ళి వీడియోల ఎడిటింగ్ నేర్చుకుంటున్నది. ఇంట్లో ఉన్న పాత ఐ5 కంప్యూటరుకు గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే కొత్తదానికి మా డబ్బు చాలదు. అందువల్ల సెకండ్ హ్యాండ్‌లో రెండు కార్డులు చూసిపెట్టుకున్నాను. మొదటిది హైదరాబాద్‌లోని ఒక దుకాణం వారు జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ అని చెబుతున్న కార్డు, ధర 4,800 రూపాయలు. ఫొటోలో దానికి వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐ మూడు పోర్టులూ కనిపిస్తున్నాయి గానీ తయారీ సంస్థ పేరు ఎక్కడా లేదు. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అన్న సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్ కూడా పంపించారు. అందులో కార్డు పేరు, 4096 ఎంబీ మెమరీ, 768 షేడర్లు (చిప్పులోని చిన్న లెక్కింపు యూనిట్లు) అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. రెండవది ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ఆర్‌ఎక్స్ 580 8 జీబీ, ధర 6,500 రూపాయలు, బిల్లు లేదు. ఈ రెండూ పేరుకు తగ్గ కార్డులేనా అన్నది అక్కడికక్కడే ఎలా తేల్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

చిప్‌లెవల్
మొదటి కార్డు విషయంలో మీరు పంపిన వివరాల్లోనే జవాబు ఉన్నది. జీటీఎక్స్ 10 సిరీస్, అంటే పాస్కల్ తరం చిప్పుల నుంచి ఎన్విడియా అనలాగ్ వీడియో సిగ్నల్‌ను పూర్తిగా తీసివేసింది. కాబట్టి నిజమైన 1050 టీఐ మీద నీలిరంగు వీజీఏ పోర్టు ఉండడానికి కారణం లేదు. డీవీఐ పోర్టును కూడా దగ్గరగా చూడండి. ఒక పక్కన ఉండే పొడవైన అడ్డగీత చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు ఉంటే అది అనలాగ్ సిగ్నల్ కూడా ఇచ్చే డీవీఐ-ఐ; పాస్కల్ కార్డులకు ఉండేది ఆ నాలుగు రంధ్రాలు లేని డీవీఐ-డీ మాత్రమే. నా అంచనా ప్రకారం అది 2010-11 కాలపు ఫెర్మీ తరం కార్డు, బహుశా జీటీఎస్ 450 లేదా జీటీఎక్స్ 550 టీఐ. మా రిపేరు బల్ల మీదికి ఇటువంటివి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

గోదారి_గేమర్
పోర్టు సంగతి ఒప్పుకుంటాను గానీ, జీపీయూ-జెడ్ కార్డును నేరుగా చదివి చూపించే సాఫ్ట్‌వేర్ కదా? అందులో 768 షేడర్లు, 4096 ఎంబీ అని స్పష్టంగా ఉన్నప్పుడు ఒక్క పోర్టును బట్టి నకిలీ అని తేల్చివేయడం తొందరపాటు కాదా?

చిప్‌లెవల్
ఈ ప్రశ్న చాలా మందికి వస్తుంది కాబట్టి వివరంగానే చెబుతాను.

ప్రతి కార్డు మీద బయోస్ (కార్డును నడిపించే మూల ప్రోగ్రాము) నిల్వ ఉండే ఒక చిన్న ఫ్లాష్ చిప్పు ఉంటుంది. కంప్యూటరు ఆన్ కాగానే 'నువ్వెవరు' అని అడిగితే కార్డు తన గుర్తింపు సంఖ్యలను చెబుతుంది. ఎన్విడియా సంస్థ సంఖ్య 10డీఈ, 1050 టీఐ సంఖ్య 1సీ82. నకిలీ చేసేవారు పాత ఫెర్మీ కార్డు బయోస్‌ను మార్చి ఈ కొత్త సంఖ్యనూ, కొత్త పేరునూ, ఎక్కువ మెమరీనీ అందులో రాసేస్తారు. విండోస్ ఆ మాటనే నమ్మి పేరు చూపిస్తుంది. జీపీయూ-జెడ్ కొన్ని విలువలను కార్డు నుంచి చదువుతుంది, చిప్పు విడుదల తేదీ వంటి మరికొన్నింటిని ఆ గుర్తింపు సంఖ్య ఆధారంగా తన జాబితా నుంచి తీసి చూపిస్తుంది. సంఖ్యే అబద్ధమైతే జాబితా నుంచి వచ్చిన వివరం కూడా అబద్ధమే అవుతుంది.

ఈ మోసాన్ని పట్టుకోవడం కోసమే 2018లో వచ్చిన జీపీయూ-జెడ్ 2.12 నుంచి ఒక ఏర్పాటు చేశారు. అసలు చిప్పు ఏదో గుర్తుపట్టి, పేరుకు ముందు 'ఫేక్' అన్న మాటనూ, పక్కన హెచ్చరిక గుర్తునూ చూపిస్తుంది. ఎక్కువగా దుర్వినియోగం అవుతున్న జీఎఫ్106, జీఎఫ్116 వంటి ఫెర్మీ చిప్పులన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అందుకే మోసం చేసే అమ్మకందారులు అంతకంటే పాత వెర్షన్‌తో తీసిన స్క్రీన్‌షాట్ పంపిస్తారు, లేదా వేరే మంచి కార్డు మీద తీసిన చిత్రాన్ని పంపిస్తారు. మీ ముందు, మీరు తెచ్చిన సాఫ్ట్‌వేర్‌తో, మీ కళ్ళ ఎదుట ఉన్న కార్డు మీద నడిచినప్పుడే ఆ వివరాలకు విలువ ఉంటుంది.

పాత_పెంటియం
చిప్‌లెవల్ గారి మాటకు ఒక్కటి జోడిస్తాను. జీపీయూ-జెడ్ విండో పై అంచులో వెర్షన్ సంఖ్య ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో ఆ భాగం కత్తిరించి ఉంటే అదే మొదటి అనుమానం. జీపీయూ-జెడ్ తయారు చేసే టెక్‌పవర్‌అప్ వారి అధికారిక వెబ్‌సైటు నుంచి సరికొత్త వెర్షన్‌ను మీ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వెళ్ళండి. దుకాణం కంప్యూటరులో ముందే ఉన్న దానిని వాడవద్దు.

ఓరుగల్లు_ఎడిటర్
మీరన్న తరువాత చూస్తే స్క్రీన్‌షాట్‌లో నిజంగానే పై అంచు లేదు. అయినా దుకాణానికి ఒకసారి వెళ్ళి చూడాలనే ఉన్నది, ఎందుకంటే వారి దగ్గర వేరే కార్డులు కూడా ఉన్నాయట. అక్కడ అరగంటలో చేయగలిగిన పరీక్షలు ఏవి?

బెజవాడ_బిల్డ్స్
నేను కస్టమర్ల కోసం పాత కార్డులు కొనేటప్పుడు పాటించే పద్ధతి చెబుతాను.

ముందుగా కార్డు చేతిలోకి తీసుకొని వెనకవైపు స్టిక్కరు చూస్తాను. తయారీ సంస్థ, మోడల్, సీరియల్ నంబరు ఉన్నాయా, బాక్సు ఉంటే దాని మీది సీరియల్‌తో కలుస్తున్నదా అన్నది చూసి, ఆ సంస్థ వెబ్‌సైటులో అదే మోడల్ ఫొటో తీసి పోర్టులు, ఫ్యాన్లు, పవర్ పిన్నులు పోల్చుకుంటాను. ఏ సంస్థ పేరూ లేని కార్డును నేను అక్కడితోనే వదిలేస్తాను.

తరువాత ఎన్విడియా వెబ్‌సైటులోని డ్రైవరును ఎక్కించమంటాను. నా దృష్టిలో అన్నిటికంటే గట్టి పరీక్ష ఇదే. ఫెర్మీ కార్డులకు ఎన్విడియా ఇచ్చిన చివరి డ్రైవరు 2018 నాటి 391.35; పాస్కల్ కార్డులకు 580 శ్రేణి దాకా డ్రైవర్లు వచ్చాయి. బయోస్ మార్చిన ఫెర్మీ కార్డు మీద 580 శ్రేణి డ్రైవరు వేస్తే తెర నల్లబడుతుంది, లేదా విండోస్ నీలితెరతో ఆగిపోతుంది, లేదా డివైస్ మేనేజరులో పసుపు గుర్తు వస్తుంది. 'డ్రైవరు మేమే వేసి ఇస్తాము, మీరు అప్‌డేట్ చేయవద్దు' అని అమ్మకందారు అన్నాడంటే అతనికి విషయం తెలుసని అర్థం చేసుకోండి.

మీ చెల్లెలి పనికి సూటిగా సంబంధించిన పరీక్ష మరొకటి ఉన్నది. వీడియోను కార్డు మీదనే ఎన్‌కోడ్ చేసే ఎన్‌వీఎన్‌సీ అన్న భాగం ఫెర్మీ చిప్పుల్లో లేదు. అది తరువాతి కెప్లర్ తరంతో వచ్చింది. ఓబీఎస్ (తెరను రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) తెరచి సెట్టింగ్స్‌లో ఎన్‌కోడర్ల జాబితా చూడండి. 1050 టీఐ అని చెప్పే కార్డు ఉండగా అక్కడ ఎన్‌వీఎన్‌సీ కనిపించకపోతే ఆ కార్డును తీసుకోవద్దు. వల్కన్ (ఆటలు, ప్రోగ్రాములు కార్డుతో మాట్లాడే ఒక పద్ధతి) కూడా అంతే. జీపీయూ-జెడ్ అడుగున ఉండే ఆ పెట్టెలో టిక్ లేకపోతే అది పాస్కల్ కార్డు కాదు.

లినక్స్_లావణ్య
మెమరీ సంగతి మర్చిపోవద్దు. బయోస్‌లో 4 జీబీ అని రాసినంత మాత్రాన కార్డు మీద మెమరీ చిప్పులు పెరగవు. ఇటువంటి కార్డుల్లో చాలావాటికి నిజంగా ఉండేది 1 జీబీయే. ఓసీసీటీ అన్న పరీక్షల సాఫ్ట్‌వేర్‌లో వీర్యామ్ (కార్డు మెమరీ) పరీక్ష ఉన్నది; దానికి మెమరీలో అధికభాగం కేటాయించి పది నిమిషాలు నడపండి. అసలు మెమరీ హద్దు దాటగానే తప్పులు రావడమో, కంప్యూటరు స్తంభించడమో జరుగుతుంది. డెస్క్‌టాప్ చూపించి, ఒక చిన్న వీడియో ఆడించి 'చూశారుగా, పని చేస్తున్నది' అంటే సరిపోదు, ఎందుకంటే వాటికి 1 జీబీ కూడా అక్కరలేదు.

గోదారి_గేమర్
ఇదంతా చదివి మా ఇంట్లోని జీటీఎక్స్ 1650 కార్డు మీద కూడా జీపీయూ-జెడ్ నడిపి చూశాను. 'ఫేక్' అన్న మాట రాలేదు గానీ, బస్ ఇంటర్‌ఫేస్ (కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య లింకు) దగ్గర 'ఎక్స్16 3.0 @ ఎక్స్16 1.1' అని ఉన్నది. 1.1 అంటే చాలా పాతది కదా, ఇది కూడా పాత కార్డేనా?

పాత_పెంటియం
కంగారు పడనవసరం లేదు. పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం కార్డు తన లింకు వేగాన్ని 1.1కు తగ్గించుకుంటుంది. ఆ వరుస పక్కన ఉన్న ప్రశ్న గుర్తు నొక్కి చిన్న రెండర్ పరీక్ష మొదలుపెడితే వెంటనే 3.0కు పెరుగుతుంది. పెరగకపోతే ముందు మదర్‌బోర్డు ఏ తరానిదో చూడండి. పాత బోర్డు 2.0 దగ్గరే ఆపేస్తుంది, అది కార్డు తప్పు కాదు.

గోదారి_గేమర్
నొక్కగానే 3.0కు వెళ్ళింది. ధన్యవాదాలు.

చిత్తూరు_చిప్స్
అందరూ మొదటి కార్డు గురించే మాట్లాడుతున్నారు. నాకు రెండవదాని మీదనే ఎక్కువ అనుమానం. ఆర్‌ఎక్స్ 580 పేరుతో మార్కెట్లో రెండు రకాలు ఉన్నాయి. 2017లో వచ్చిన అసలు 580కి 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు (షేడర్లకు ఏఎండీ పెట్టిన పేరు) ఉంటాయి. 2018 అక్టోబరులో ఏఎండీ చైనా మార్కెట్ కోసం '580 2048ఎస్పీ' అన్న కార్డును విడుదల చేసింది. దానికి 2048 మాత్రమే ఉంటాయి, అంటే ఆర్‌ఎక్స్ 570కి ఉన్నన్ని. మన దగ్గర ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే 580లు ఎక్కువగా ఇవే. ఆ విద్యార్థిని జీపీయూ-జెడ్‌లో షేడర్ల సంఖ్య అడగండి.

గోదారి_గేమర్
అయితే అది కూడా నకిలీయే కదా. పేరు ఒకటి, లోపల ఉన్నది మరొకటి.

చిత్తూరు_చిప్స్
నేను ఒప్పుకోను. ఏఎండీ స్వయంగా ఆ పేరుతో విడుదల చేసిన కార్డును నకిలీ అనడం న్యాయం కాదు. నా దగ్గర అదే ఉన్నది. 1080పీలో ఆటలకు ఇప్పటికీ బాగానే సరిపోతున్నది. తెలిసి, తగిన ధరకు కొంటే అందులో మోసమేమీ లేదు.

చిప్‌లెవల్
మీరిద్దరూ చెప్పినదానిలో నిజం ఉన్నది గానీ, రెండు వేర్వేరు పరిస్థితులను కలిపి చూస్తున్నారు. 2048ఎస్పీ కార్డు ఏఎండీ తయారీ, ఏఎండీ బయోస్, ఏఎండీ డ్రైవరుతో నడుస్తుంది. కార్డులో అబద్ధం లేదు. అబద్ధం వచ్చేది అమ్మకందారు '2048ఎస్పీ' అన్న ముక్కను ప్రకటనలోంచి తీసివేసి 580 ధర అడిగినప్పుడు. ఇది కాక మూడవ రకం ఒకటి ఉన్నది. అది 570కే 580 బయోస్ ఎక్కించి అమ్మే కార్డు. అప్పుడు పేరు 580 అని మారుతుంది, షేడర్లు మాత్రం 2048 దగ్గరే ఉంటాయి, పైగా ఆ బయోస్‌లోని ఎక్కువ వేగానికి ఆ చిప్పు తట్టుకోలేక వేడెక్కినప్పుడు ఆగిపోవచ్చు. నా దృష్టిలో కొనేవారు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చిప్పు, ఈ మెమరీ, ఈ బయోస్ ఫ్యాక్టరీ నుంచి కలిసి బయటికి వచ్చినవేనా? దానికి 'అవును' అన్న జవాబు దొరికితే మిగిలినది ధర మాట్లాడుకోవడమే.

రిగ్గులు_వదిలినవాడు
580 అంటేనే మైనింగ్ (క్రిప్టో నాణేల కోసం కార్డులను ఆపకుండా నడపడం) మాట వస్తుంది కాబట్టి, ఆ పని చేసినవాడిగా నాకు తెలిసినది చెబుతాను. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అన్న క్రిప్టో నాణెం మైనింగ్ అవసరం లేని పద్ధతికి మారిపోయింది. దానితో రిగ్గుల్లోని (మైనింగ్ యంత్రాల్లోని) కార్డులు ఒక్కసారిగా పాత మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. మైనింగ్ చేసిన కార్డు అనగానే పారిపోనవసరం లేదు. మేము కార్డును తక్కువ వోల్టేజీ మీద, ఒకే స్థిరమైన వేడి దగ్గర నడిపేవాళ్ళం. ఫ్యాన్లు అరిగిపోతాయి, థర్మల్ ప్యాడ్లు నూనె కారుతాయి, కానీ అవి మార్చుకోగలిగినవే. 580ల్లో చూడవలసినది బయోస్. మెమరీ టైమింగ్స్ మార్చిన బయోస్‌తో మైనింగ్ వేగం పెరిగేది గానీ, ఆటల్లో, ఎడిటింగ్‌లో తెర మీద చుక్కలు, గీతలు రావచ్చు. జీపీయూ-జెడ్‌తో ఆ బయోస్‌ను సేవ్ చేసి, టెక్‌పవర్‌అప్ వారి బయోస్ భాండాగారంలో అదే మోడల్‌కు ఉన్న అసలు బయోస్‌తో వెర్షన్, మెమరీ వేగాలు పోల్చి చూడండి.

బెజవాడ_బిల్డ్స్
పై పోస్టులో వోల్టేజీ మాట సరే గానీ, అందరు మైనర్లూ అంత జాగ్రత్తగా నడపలేదు. గాలి ఆడని షెడ్లలో రాత్రింబవళ్ళు నడిపిన కార్డులు నా దగ్గరికి వచ్చాయి. వాటి మెమరీ ఏ పేస్టు మార్చినా బాగుపడలేదు. నేను మైనింగ్ కార్డు కొంటే లోడు మీద ముప్పై నిమిషాల పరీక్ష లేకుండా కొనను. అమ్మేవాడు ఎంత మంచివాడైనా సరే.

రిగ్గులు_వదిలినవాడు
ఆ షరతు పెట్టడంలో తప్పు లేదు. నా కార్డులు కొన్నవారికి నేనే అలా చూపించి ఇచ్చాను.

డల్లాస్_తెలుగు
ఇక్కడి నుంచి మా బంధువుల కోసం వాడిన ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఒకటి కొనాలనుకుంటున్నాను, అందుకే ఈ చర్చను మొదటినుంచీ చదువుతున్నాను. 3060కి 12 జీబీ ఉండాలి, 8 జీబీ అని ఉంటే నకిలీ అని ఎక్కడో చదివాను. అది నిజమేనా?

లినక్స్_లావణ్య
నిజం కాదు. 12 జీబీ, 192 బిట్ కార్డు 2021 ఫిబ్రవరిలో వచ్చింది. 2022 అక్టోబరులో ఎన్విడియాయే 8 జీబీ, 128 బిట్ కార్డు కూడా విడుదల చేసింది. రెండింటికీ 3584 క్యూడా కోర్లే (షేడర్లకు ఎన్విడియా పెట్టిన పేరు) ఉంటాయి గానీ, మెమరీ దారి ఇరుకు కావడం వల్ల 8 జీబీది స్పష్టంగా నెమ్మది. అనుమానించవలసినది 6 జీబీ, 3840 కోర్లు చూపించే డెస్క్‌టాప్ 3060ని. అవి లాప్‌టాప్ చిప్పు లెక్కలు. లాప్‌టాప్‌ల కోసం తయారైన చిప్పును డెస్క్‌టాప్ బోర్డు మీద అతికించి అమ్ముతున్నారు. వాటికి మామూలు డ్రైవరు పట్టక, మార్చిన డ్రైవరు వెతుక్కోవలసి వస్తుంది.

చిప్‌లెవల్
డల్లాస్_తెలుగు గారు ఇంకొకటి గమనించాలి. కూలరు విప్పి చూసినప్పుడు 3060 చిప్పు మీద జీఏ106కు బదులు జీఏ104-150 అని ఉన్నా కంగారు పడవద్దు. ఎన్విడియా కొన్ని 3060లను పెద్ద చిప్పులో కొంత భాగం మూసివేసి తయారు చేసింది. అదే 1050 టీఐ విప్పితే జీపీ107-400 అని ఉండాలి, 6 జీబీ 1060 విప్పితే సాధారణంగా జీపీ106-400 అని ఉంటుంది. చిప్పు మీది అక్షరాలకు అడుగున సంవత్సరం, వారం కలిపిన నాలుగంకెల సంఖ్య ఉంటుంది; 2016లో విడుదలైన కార్డులో 2011 నాటి చిప్పు కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కరలేదు. అయితే వారంటీ ఉన్న కార్డుకు స్క్రూ మీది స్టిక్కరు చింపవద్దు, అమ్మకందారు అనుమతి లేకుండా ఏ కార్డునూ విప్పవద్దు.

ఖరీదైన కార్డుల్లో ఇంకా ఘోరమైన మోసం ఉన్నది. అమెరికా 2023 అక్టోబరులో తెచ్చిన ఎగుమతి ఆంక్షల్లోకి ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు కూడా వచ్చింది. చైనాలో ఆ కార్డుల నుంచి చిప్పునూ, మెమరీనీ పీకి ఏఐ సర్వర్లకు సరిపోయే బోర్డుల మీదికి మార్చడం పెద్ద వ్యాపారమైంది. చిప్పు పీకేసిన ఖాళీ బోర్డును కూలరుతో సహా బిగించి 'పని చేయడం లేదు, రిపేరు చేసుకోవచ్చు' అని అమ్ముతున్నారు. ఇంత ఖరీదు చేసే కార్డును ఆన్ చేసి చూడకుండా ఎవరూ కొనవద్దు.

డల్లాస్_తెలుగు
చాలా ఉపయోగపడే వివరాలు. భారతదేశానికి పంపిస్తే వారంటీ వర్తిస్తుందా?

బెజవాడ_బిల్డ్స్
చాలా సంస్థల వారంటీ కొన్న దేశానికే పరిమితం. సీరియల్ నంబరు చూడగానే ఇక్కడి సర్వీస్ సెంటరు వెనక్కి పంపిస్తుంది. వారంటీ లేని కార్డు కింద లెక్కవేసుకునే ధర మాట్లాడుకోండి.

హైకోర్టు_హెడ్‌ఫోన్
వృత్తిరీత్యా న్యాయవాదిని కాబట్టి కాగితాల సంగతి చెబుతాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్నది రాయకపోయినా వర్తించే షరతు. ఆ వర్ణన మీ చేతిలో రుజువుగా ఉండాలి. దుకాణమైతే బిల్లు మీద 'గ్రాఫిక్స్ కార్డు' అని మాత్రమే రాయించుకోవద్దు. మోడల్, మెమరీ, సీరియల్ నంబరు రాయించుకోండి. వ్యక్తి అయితే అవే వివరాలు వాట్సాప్‌లో అతని చేత రాయించుకొని, యూపీఐ ద్వారానే చెల్లించండి. దుకాణం వారు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకొని వస్తువు పంపకుండా మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును బ్యాంకు దగ్గర ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఓరుగల్లు_ఎడిటర్
దుకాణానికి వెళ్ళి వచ్చాను. కార్డు చేతికి తీసుకోగానే డీవీఐలో నాలుగు రంధ్రాలు కనిపించాయి. నా పెన్‌డ్రైవ్‌లోని జీపీయూ-జెడ్ నడపనిచ్చారు. పేరుకు ముందు 'ఫేక్' అని, పక్కన పసుపు హెచ్చరిక గుర్తుతో సహా వచ్చింది. ఎన్విడియా డ్రైవరు వేయమంటే మాత్రం వేయలేదు. గొడవ పడకుండా తిరిగి వచ్చాను. ఆ విద్యార్థి కూడా అడగగానే స్క్రీన్‌షాట్ మొత్తంగా పంపించాడు. 2048 అని ఉన్నది. తాను కొన్నప్పుడు కూడా 580 అనే చెప్పారని, ఈ తేడా తనకు ఇప్పుడే తెలిసిందని అన్నాడు. ఆ అబ్బాయి మాట నాకు నిజమే అనిపించింది. 5,000 రూపాయలకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చునా?

బెజవాడ_బిల్డ్స్
ఆ ధర తప్పు కాదు గానీ, మీ చెల్లెలిది ఎడిటింగ్ పని. ఎన్‌వీఎన్‌సీ ఉన్న కార్డు అయితే ఎక్కువ ఉపయోగం. మరో వెయ్యి రెండు వేలు పెట్టగలిగితే జీటీఎక్స్ 1060 6 జీబీ వెతకండి, కానీ 1060లో కూడా రెండు రకాలున్నాయి. 6 జీబీకి 1280 కోర్లు, 3 జీబీకి 1152. మైనింగ్ కోసం మాత్రమే చేసిన పీ106-100 అన్న కార్డుకు కూడా 1280 కోర్లు, 6 జీబీయే ఉంటాయి కాబట్టి అంకెలు చూసి మోసపోవచ్చు. దానికి డిస్‌ప్లే పోర్టులు ఉండవు. మానిటరు కేబులు కార్డుకే పెట్టి చూపించమనండి.

లినక్స్_లావణ్య
విద్యుత్తు కూడా చూసుకోండి. 1060కి 120 వాట్లు, ఒక సిక్స్ పిన్ చాలు. 580 అయితే 185 వాట్లు, ఎయిట్ పిన్ కావాలి. పాత ఆఫీసు కంప్యూటరు పవర్ సప్లైకి ఈ తేడా చాలా పెద్దది.

ఓరుగల్లు_ఎడిటర్
మాది 450 వాట్ల సప్లై, ఒక్క సిక్స్ పిన్ మాత్రమే ఉన్నది. అయితే 580 ఆలోచన మానుకుంటున్నాను. హనుమకొండలోనే ఒకాయన బిల్లు, బాక్సు ఉన్న 1060 6 జీబీ అమ్ముతున్నారు, సీరియల్ రెండు చోట్లా ఒకటేనని ఫొటోలు పంపించారు. ఆదివారం వాళ్ళింటికే వెళ్ళి మీరు చెప్పిన పరీక్షలన్నీ చేస్తాను.

పాత_పెంటియం
వెళ్ళినప్పుడు జీపీయూ-జెడ్‌లో వ్యాలిడేషన్ ట్యాబు తెరచి మీ పేరుతో అక్కడే సమర్పించండి. తేదీతో కూడిన ఒక లింకు వస్తుంది; ఆ లింకును బిల్లు ఫొటోతో పాటు దాచుకోండి. రేపు మీరు ఆ కార్డు అమ్మేటప్పుడు కొనేవారు అడిగేవి కూడా ఇవే.